విమానం కూలింది.. దీవిలో చిక్కుకున్నారు! ‘లాస్ట్’ లాంటి సిరీస్‌లు పిల్లలకు చూపించొచ్చా?

సెలవులొస్తే చాలు, ఫోన్ పిల్లల చేతుల్లోకి వెళ్లిపోతుంది. దీవిలో చిక్కుకున్నవాళ్లు ఎలా బతికారు, తిండి ఎలా సంపాదించారు, చివరికి ఎలా బయటపడ్డారు.. ఇలాంటి కథలంటే వాళ్లకు ఎక్కడలేని ఆసక్తి. అయితే ‘అడ్వెంచర్’ అని రాసి ఉన్నంత మాత్రాన అది పిల్లల సిరీస్ అయిపోదు. మరి ఏది ఓకే, ఏది వద్దు? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పేరెంట్స్ ఇంకాస్త జాగ్రత్తగా ఎందుకుండాలి? ఇప్పుడు చూద్దాం.

ముందు ఈ నంబర్ చూడండి

2021 ఐటీ రూల్స్ ప్రకారం ఓటీటీలో వచ్చే ప్రతి సినిమా, సిరీస్‌కు వయసు రేటింగ్ ఉండాలి. యూ, యూ/ఏ 7+, యూ/ఏ 13+, యూ/ఏ 16+, ఏ.. మొత్తం ఐదు రకాలు. హింస, భయం, బూతులు లాంటివి ఏమున్నాయో కూడా రేటింగ్‌తో పాటే చెప్పాలి. యూ/ఏ 13+ నుంచి పైన ఉన్నవాటికి పేరెంటల్ లాక్ సౌకర్యం ఇవ్వడం తప్పనిసరి. కాకపోతే ఆ లాక్ పెట్టాల్సింది మనమే.

‘లాస్ట్’లో ఏముంది?

దీవి కథల్లో బాగా పేరున్న సిరీస్ ఇది. అమెరికాలో 2004 సెప్టెంబర్ 22న మొదలై 2010 మేలో ముగిసింది. మొత్తం 6 సీజన్లు. సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న విమానం పసిఫిక్‌లోని ఒక దీవిలో కూలిపోతుంది.

మంచి విషయాలు చాలానే ఉన్నాయి. ముక్కూమొహం తెలియనివాళ్లు గాయాలకు కట్లు కడతారు, మంచినీళ్లు వెతుకుతారు, ఉన్నది పంచుకుంటారు. కానీ మొదటి ఎపిసోడ్‌లోనే తిరుగుతున్న ఇంజిన్ ఒక మనిషిని లాగేస్తుంది. తర్వాత డ్రగ్స్‌కు బానిసైన పాత్ర వస్తుంది. ఇన్‌హేలర్ దాచాడన్న అనుమానంతో ఒకడిని కట్టేసి హింసించే సీన్ ఉంటుంది. మొదటి సీజన్ చివర్లో పదేళ్ల బాబును తండ్రి కళ్ల ముందే సముద్రంలో ఎత్తుకుపోతారు. అమెరికాలో దీని రేటింగ్ టీవీ-14. అంటే 14 ఏళ్లలోపు వాళ్లు ఒంటరిగా చూసేది కాదు.

చిన్నవాళ్లకు ‘లాస్ట్ ఇన్ స్పేస్’ (2018–2021) కాస్త నయం. ఇక్కడ దీవి బదులు తెలియని గ్రహం, చిక్కుకున్నది ఒక కుటుంబం. అమెరికా రేటింగ్ టీవీ-పీజీ. అయినా మొదటి ఎపిసోడ్‌లోనే పెద్దమ్మాయి గడ్డకట్టిన నీళ్లలో ఇరుక్కుపోతుంది. పక్కన పెద్దవాళ్లుంటే మంచిది.

మన దగ్గర వరద చూసిన పిల్లలున్నారు

రేటింగ్ చెప్పని విషయం ఒకటుంది. మీ పిల్లలు ఏం చూసి వచ్చారో దానికి తెలియదు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగింది. జనం ఇళ్లపైకి ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. సాయం కోసం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైల్వే ట్రాక్ కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి.

అలాంటి రోజు చూసిన పిల్లలకు ‘చుట్టూ నీళ్లు, సాయం రాలేదు’ అనే సీన్ ఉత్త కథ కాదు. వాళ్లకు 13 ఏళ్లు నిండినా సరే, బలవంతంగా కూర్చోబెట్టొద్దు.

రెండో సంగతి, చూసింది చేసి చూడాలనిపించడం. తెర మీద తెప్ప కట్టి సముద్రంలోకి వెళ్తే హీరో. జనగామ వైపు వ్యవసాయ బావిలోనో, చెరువులోనో, క్వారీ గుంతలోనో అదే పని చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

పేరెంట్స్ ఇలా చేయండి

- మొదటి ఎపిసోడ్ ముందు మీరు చూడండి. ఇలాంటి సిరీస్‌ల తీరు చాలావరకు అందులోనే తెలిసిపోతుంది.
- పిల్లలకు వేరే ప్రొఫైల్ పెట్టి, మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి.
- రాత్రి పడుకునే ముందు వద్దు. పగలు, అందరూ ఉన్నప్పుడు చూపించండి.
- ‘నువ్వే అక్కడుంటే ముందు ఏం చేస్తావ్?’ అని అడగండి. జవాబులోనే వాళ్ల భయం, దూకుడు రెండూ బయటపడతాయి.
- నిద్రలో ఉలిక్కిపడటం, ఒంటరిగా ఉండలేకపోవడం, వాన పడితే వణకడం కనిపిస్తే సిరీస్ ఆపేయండి. కొన్ని రోజులైనా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించండి.

సిరీస్ ఎంత బాగుందన్నది కాదు, అది చూశాక మీ పిల్లలు ఎలా ఉన్నారన్నదే ముఖ్యం.