పిట్ట బొమ్మకు ఎంత పదును?

కత్తికి సాన పట్టేవాడు కొత్త ఇనుము తెచ్చి అతికించడు. ఉన్న అంచునే తేల్చి ఇస్తాడు. అడవి పిట్టల ఫొటోలకు పదును పెట్టడం కూడా అటువంటి పనే. సాన మితిమీరితే కత్తి అరిగిపోతుందన్న సంగతి మాత్రం చాలామంది మరచిపోతారు.

సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూళ్లు కట్టుకొన్న గూడబాతును ఎంత మంచి కెమేరాతో తీసినా, మొదటి బొమ్మ కాస్త మెత్తగానే ఉంటుంది. అది తీసినవారి తప్పు కాదు. చాలా కెమేరాల ఫలకం మీద ఒక్కొక్క చుక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలాలలో ఒక్క రంగునే పట్టుకొంటుంది. కోడక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ కనిపెట్టగా, 1976లో పేటెంటు లభించిన ఏర్పాటిది. తక్కిన రెండు రంగులను ఇరుగుపొరుగు చుక్కలను చూసి లెక్కకట్టవలసిందే. ఆ లెక్కలో ఈకల అంచులు కొంచెం కరుగుతాయి. వాటిని తేల్చడానికే ఈ పదును.

ఈ విద్య కంప్యూటరుతో పుట్టిందనుకొంటే పొరపాటు. చీకటిగది రోజులలోనే నెగటివు నుంచి కావాలని మసకగా ఒక పాజిటివు ప్రతి తీసి, రెంటినీ జతచేసి అచ్చు వేసేవారు. అప్పుడు సన్నని అంచులు తేటగా కనిపించేవి. నేటి కంప్యూటరు కూడా అదే చేస్తుంది: బొమ్మకు మసక నకలు తీసి, రెంటికీ ఉన్న తేడాను అసలు బొమ్మకు కలుపుతుంది. అందుకే పదును పెట్టే సాధనానికి ‘అన్‌షార్ప్ మాస్క్’ అని మసక పేరే నిలిచిపోయింది!

జరిగేదేమిటి? అంచుకు వెలుగువైపు మరింత వెలుగు, చీకటివైపు మరింత చీకటి చేరతాయి. కొత్త ఈక పుట్టదు. సన్నని ఈకలకు ఒక చుక్క వెడల్పున పదును చాలు. అది దాటితే ఆకాశానికి ఎదురుగా ఉన్న కొంగ చుట్టూ తెల్లని గీత లేస్తుంది. ముందుగా గరుకును తగ్గించుకోవాలి. కంటికీ, ముక్కుకూ, ఈకలకూ మాత్రమే పదును పెట్టి, ఆకాశాన్నీ నీటినీ వదిలేయాలి. బొమ్మ కొలతను కుదించిన తరువాత చివరి పదును కొద్దిగా పెట్టాలి. ఇక గురి తప్పి మసకబారిన బొమ్మనంటారా, దానికి ఏ సానా పనికిరాదు.

ఇక్కడే కృత్రిమ మేధ సాధనాలు ఆశ పెడుతున్నాయి. ఎన్నెన్నో ఫొటోలు చూసి నేర్చిన ఈ యంత్రాలలో కొన్ని, మసక ఉన్నచోట ఈక ఇలా ఉండవచ్చునని ఊహించి గీస్తాయి. తాళపత్రంలో చెదలు తిన్నచోట పరిష్కర్త తన పద్యం రాసి పెడితే దానిని ప్రక్షిప్తమంటాం. పద్యం ఎంత బాగున్నా అది కవిది కాదు. ఈ ఈకా అంతే.

పటం గోడకు వేలాడదీసుకొనే అలంకారమైతే పోనీ అనుకోవచ్చు. కాని కలివికోడి సంగతి ఏమిటి? 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకొన్న ఆ పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. రొమ్ము మీది రెండు పట్టీలు దాని గుర్తు. రాత్రివేళ తిరిగే అటువంటి పిట్ట మసకగా ఫొటోలో పడిందనుకోండి. యంత్రం ఒక పట్టీని చెరిపినా, లేని పట్టీని గీసినా, ఆ బొమ్మను నమ్మి అడవిని కాపాడమని ఎవరిని అడగగలం?

లండన్ నాచురల్ హిస్టరీ మ్యూజియంవారు తమ వన్యప్రాణి ఛాయాచిత్రాల పోటీలో తుది వడపోతకు వచ్చినవారిని కెమేరా మొదట పట్టిన ‘రా’ ఫైలు చూపమంటారు. పోటీకి పోనివారికీ ఈ అలవాటు మంచిదే. మెరుగులు నకలుకు దిద్దండి. అసలును అలాగే దాచండి. రేపు ఎవరైనా “ఈ ఈక పిట్టదేనా?” అని అడిగితే, తీసి చూపించవచ్చు.