గీతలు కాదు, అంకె చూడాలి!
కొండ శివారు పల్లెల్లో సెల్ సిగ్నల్ తంటాలు

అనకాపల్లి: జబ్బు మనిషిని డోలీలో మోసుకు రావడం ఒక ఎత్తు. 108కి కబురు చేయడానికి సెల్ పట్టుకుని గట్టెక్కడం మరో ఎత్తు. రావికమతం, రోలుగుంట, గొలుగొండ, నాతవరం, మాడుగుల మండలాల కొండ శివారు పల్లెల్లో సిగ్నల్ సరిగా అందని చోట్లు యింకా వున్నాయి. రేషన్ డిపోలో వేలిముద్ర మిషను పనిచేయాలన్నా, బ్యాంకు నుంచి ఓటీపీ రావాలన్నా సిగ్నలే ఆధారం.

"గీతలు నిండుగానే వున్నాయి, మాట మాత్రం వినబడదు" అన్నది పల్లెల్లో తరచు వినిపించే ఫిర్యాదు. ఫోన్‌పై కనిపించే గీతలకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలన్నది ఫోన్ తయారుచేసే కంపెనీ యిష్టం. అందుకే ఒకే అరుగు మీద, ఒకే కంపెనీ సిమ్ వున్న రెండు ఫోన్లలో ఒకటి మూడు గీతలు, మరొకటి రెండు చూపవచ్చు. అసలు కొలత ఫోన్ లోపల వుంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని 'ఎబౌట్ ఫోన్'కు వెళ్లి 'సిమ్ స్టేటస్' నొక్కితే 'సిగ్నల్ స్ట్రెంగ్త్' అని ఒక అంకె కనిపిస్తుంది. దాని పక్కన 'డీబీఎం' అని వుంటుంది.

అప్పు లెక్కే!

ఈ అంకెకు ముందు మైనస్ గుర్తు వుంటుంది. దీన్ని అప్పు లెక్కగా చూసుకుంటే సులువు. 110 రూపాయల అప్పున్న వాడి కంటే 80 రూపాయల అప్పున్న వాడు మెరుగు కదా! అలాగే మైనస్ 110 కంటే మైనస్ 80 మేలు. 4జీ సిగ్నల్‌కు మైనస్ 80 గాని, అంతకంటే తక్కువ అప్పు గాని వుంటే చాలా బాగున్నట్టు. 80 నుంచి 90 వరకు బాగు. 90 నుంచి 100 వరకు ఫర్వాలేదు. 100 దాటితే బలహీనం. 110 దాటితే మాట తెగుతూ వుంటుంది. 120 దగ్గర దాదాపు లేనట్టే. 2జీ అంకెను 4జీ అంకెతో పోల్చరాదు. రెండింటి కొలిచే పద్ధతులు వేరు.

ఈ లెక్కలో చిన్న తేడాకే పెద్ద ఫలితం వుంటుంది. అప్పు 3 పెరిగితే అందే బలం సగమవుతుంది. 10 పెరిగితే పదో వంతు, 20 పెరిగితే నూరో వంతు. రచ్చబండ దగ్గర మైనస్ 92 వుండి యింట్లో మైనస్ 112 చూపితే, ఆ యింటికి నూరో వంతు బలమే చేరుతున్నదన్న మాట. కాంక్రీటు గోడలు సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి. జింకు రేకు మరీ అడ్డు. దట్టమైన చెట్లు, వాన తర్వాత తడి ఆకులు కూడా కొంత మింగేస్తాయి. టవరుకు, ఫోన్‌కు నడుమ కొండ అడ్డం వస్తే చెప్పనక్కరలేదు. గట్టెక్కితే ఫోన్ పలకడానికి కారణం యిదే. ఎత్తుకు వెళ్లిన కొద్దీ అడ్డు తగ్గుతుంది.

బలమున్నా పని జరగకపోతే?

ఒక్కోసారి మైనస్ 75 చూపినా బొమ్మ కదలదు. రోడ్డు ఎంత బాగున్నా సంత రోజున బండి కదలనట్టే, ఒకే టవరుపై జనం ఎక్కువైతే వేగం పడిపోతుంది. కొన్ని టవర్లకు వెనక నుంచి వచ్చే లైను గొట్టపు తీగ కాదు, మరో టవరు మీది గుండ్రటి డిష్ నుంచి గాలిలో వస్తుంది. జోరు వానకు ఆ లంకె బలహీనపడవచ్చు. అంకె బాగుండి పని జరగకపోతే లోపం మన యింట్లో కాదు, అవతల వున్నదని గ్రహించాలి.

ఫోన్‌పై 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అని వస్తే నిరాశ పడనక్కరలేదు. మన సిమ్ కంపెనీ అందకపోయినా మరో కంపెనీ సిగ్నల్ అక్కడ వుండవచ్చు. అప్పుడు 112కి చేసి చూడాలి.

అర్జీకి అంకె బలం

మొబైల్ సేవ అందని 24,680 గ్రామాలకు 4జీ అందించేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 జూలైలో 26,316 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. కంపెనీలు తమ సిగ్నల్ అందే ప్రాంతాల పటాలను వెబ్‌సైట్లలో పెట్టాలని 2024లో ట్రాయ్ నిబంధన తెచ్చింది. పటంలో రంగు పడిన వూళ్లో ఫోన్ పలకకపోతే ఆ సంగతి నిరూపించవలసింది వూరివారే.

యిందుకు ఖర్చేమీ లేదు. బడి, రేషన్ డిపో, చివరి వీధి వంటి నాలుగైదు చోట్ల ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అంకె చూసి, తేదీ, కంపెనీ పేరుతో కాగితంపై రాసుకోవాలి. ముందుగా 198కి ఫిర్యాదు చేసి దాని నంబరు తీసుకోవాలి. ఆ కాగితాన్ని అర్జీకి జతచేసి పంచాయతీ ద్వారా మండల, జిల్లా అధికారులకు అందజేయవచ్చు. "సిగ్నల్ లేదు బాబూ" అన్న మాటను తోసిపుచ్చడం తేలిక. "డిపో దగ్గర మూడు పూటలా మైనస్ 115" అన్న రాతకు జవాబు చెప్పవలసి వుంటుంది.