సంగతి కోసం వెనక్కి వెళ్లే మీట

కర్ణాటక సంగీతంలో వినికిడి సగం సాధన. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వీణ మీద తంతిని లాగి పలికించిన గమకం ఆయన శిష్యుడు, కాకినాడ చిట్టిబాబు చేతిలో ఎలా మారిందో తెలియాలంటే ఆ రెండు మూడు క్షణాల నాదాన్ని ఇరవైసార్లు వినాలి. శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఒకే పంక్తికి వేసే సంగతులదీ అదే తీరు. కాబట్టి వీళ్లంతా పుట్టిన గోదావరి జిల్లాల్లో సంగీతం నేర్చుకునేవారికి ఏ ప్లేయర్ మేలన్న ప్రశ్నను ఎన్ని పాటలున్నాయి, ఎంత అందంగా ఉందన్న లెక్కతో తేల్చకూడదు. విన్నచోటికి తిరిగి వెళ్లడం ఎంత సులువన్నదే చూడాలి. అలా చూస్తే లైనక్స్ కంప్యూటర్లలో కీబోర్డుతోనే నడిచే సీమస్ లాంటి ప్లేయర్లకే నా ఓటు.

సీమస్ టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే తెరలో, వట్టి అక్షరాలతో నడుస్తుంది. హెచ్ నొక్కితే ఐదు సెకన్లు వెనక్కి, ఎల్ నొక్కితే ఐదు సెకన్లు ముందుకు. కామాతో నిమిషం వెనక్కి, చుక్కతో నిమిషం ముందుకు. పాట ఆపడానికీ తిరిగి సాగించడానికీ సి ఒక్కటే. అదే అరగంట రాగాలాపనను మౌస్‌తో వెనక్కి జరపాలనుకోండి. తెరమీద గీత 900 పిక్సెళ్ల పొడవుంటే ఒక్కో పిక్సెల్‌కు రెండు సెకన్లు. చెయ్యి కాస్త అదిరినా సంగతి దాటిపోతుంది. ఒడిలో వీణ ఉన్నప్పుడు మౌస్ కోసం తడుముకోవడం కన్నా చూపు మెట్ల మీదే ఉంచి ఒక మీట తట్టడం ఎంత హాయి! ఐదు సెకన్లు ఎక్కువనిపిస్తే రెండు సెకన్లకే వెళ్లేలా మరో మీటను మనమే కేటాయించుకోవచ్చు. పాత కంప్యూటరైనా చాలు, నెట్ అక్కర్లేదు.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకంటారు. ఫోన్‌లోనూ వెనక్కి వెళ్లే బొత్తం ఉంటుంది, నిజమే. కానీ ఎన్ని సెకన్లు వెళ్లాలో చాలా యాప్‌లలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది, పాట అవగానే మరోటి అందుకుంటుంది. గురుముఖతః నేర్వాలిగానీ యంత్రంతోనా అనే పెద్దల మాట కాదనలేనిది. మన గొంతులో దోషం పట్టేది గురువే. అయితే పాఠానికీ పాఠానికీ మధ్య ఇంట్లో గడిచే రోజుల్లో ఇరవయ్యోసారి వినిపించే ఓపిక ఎవరికుంది? అసలైన అభ్యంతరం తెలుగు లిపిది. టెర్మినల్ ప్రతి అక్షరాన్నీ ఒకే కొలత గడిలో పెట్టాలని చూస్తుంది. ఆ పద్ధతిలో మన గుణింతాలూ ఒత్తులూ చాలాచోట్ల విడిపోయి, ఒకదానిమీద ఒకటి పడి కనిపిస్తాయి. ఇది చిన్న లోపమని దాటేయలేను. కృతి పేరు తెలుగులోనే చదవాలనుకునేవారు క్వాడ్ లిబెట్ వాడుకోవచ్చు. అది కిటికీలో తెరుచుకునే ప్లేయరే అయినా తెలుగును సరిగ్గా చూపుతుంది, రాగానికీ తాళానికీ విడి గడులు పెట్టుకోనిస్తుంది. సీమస్‌నే అంటిపెట్టుకునేవారు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, పాట వివరాల్లోని జానర్ గడిలో రాగం పేరు నింపి, జాబితాను జానర్ వారీగా అమర్చుకుంటే మోహనమంతా ఒకచోట, కల్యాణి అంతా ఒకచోట చేరుతుంది.