దాడి చేసినోళ్లు పోతారు, గూడెం ఎక్కడికి పోతుంది?

నల్లమల అనగానే పట్నం వాళ్లకు పులి గుర్తొస్తుంది, లేకుంటే తుపాకి గుర్తొస్తుంది. ఆ అడవిలోనే పుట్టి, తేనె తీసుకుని, గడ్డలు తవ్వుకుని బతికే చెంచు గుర్తురాడు. అడవి అంచున యర్రగొండపాలెం, పుల్లలచెరువు, దోర్నాల, అర్ధవీడు, గిద్దలూరు వైపు కూలికి పోయే దళితుడు గాని, గొర్రెలు మేపుకునే కాపరి గాని గుర్తురారు. ఈ కొండల్లో ఏళ్ల తరబడి సాగిన సాయుధ పోరు గురించి పోలీసు అధికారులు రాశారు, విప్లవకారులు రాశారు. కూలివాడి వైపు నుంచి, గూడెం వైపు నుంచి లెక్క చూసినవాళ్లు తక్కువ. ఆ లెక్క ఈనాటికైనా చూడాలి. ఎందుకంటే బాకీ ఇంకా తీరలేదు.

అడవి పోరు నిన్నటిది కాదు

నల్లమలను ఆనుకుని ఉన్న పల్నాడులో 1921-22లో రైతులు పుల్లరి కట్టమని ఎదురు తిరిగారు. పశువులు అడవిలో మేసినందుకు తెల్లదొరలు వసూలు చేసిన పన్నే పుల్లరి. ఆ ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. ఆ తర్వాత తెలంగాణ సాయుధ పోరాట కాలంలో, 1948 సెప్టెంబరులో సైన్యం దిగాక, దళాలు గోదావరి అడవులకూ ఇటు నల్లమలకూ తగ్గాయి. అప్పుడు గోదావరి వైపు ప్రభుత్వం ఏం చేసింది? కోయగూడేలను లేపి శిబిరాల్లో కుక్కింది. అదే కాలంలో బ్రిటిషువాళ్లు మలయాలో లక్షలాది చైనా సంతతి రైతుకూలీలను ముళ్లకంచె వేసిన ఊళ్లలోకి తోశారు. దేశం ఏదైనా, జెండా ఏదైనా, పాలకుల ఎత్తు ఒక్కటే.

ఈ ఎత్తు వెనక ఉన్న లెక్క తేలికే. దళానికి బియ్యం కావాలి, దారి కావాలి, కబురు కావాలి. ఎండాకాలంలో ఏ వాగులో చెలమ తవ్వితే నీళ్లు పడతాయో చెంచుకు తెలుసు. కాబట్టి దళానికీ చెంచే కావాలి, పోలీసుకూ చెంచే కావాలి. రెండు తుపాకులకూ దారి చూపాల్సినవాడు ఒక్కడే అయినప్పుడు వాడి బతుకు ఏమవుతుందో వేరే చెప్పాలా?

దాడి రాత్రి, మర్నాడు పొద్దున

1980 ఏప్రిల్ 22న పీపుల్స్‌వార్ పార్టీ పుట్టింది. 1989లో దాన్ని అణచడానికి ప్రభుత్వం గ్రేహౌండ్స్ దళాన్ని పెట్టింది. 1992లో పార్టీని నిషేధించి, 1995లో ఎత్తేసి, 1996లో మళ్లీ నిషేధించారు. 1995 డిసెంబరు 1న ఒంగోలు పార్లమెంటు సభ్యుడు మాగుంట సుబ్బరామిరెడ్డిని పీపుల్స్‌వార్ వాళ్లు కాల్చి చంపారు. 2005 మార్చి 11న చిలకలూరిపేటలో పోలీసుల మీద దాడి జరిగింది. ఏప్రిల్ 27న ఒంగోలులో జిల్లా ఎస్పీ కారు మీద బాంబు పేల్చారు. ఎస్పీ బతికి బయటపడ్డాడు, దారిన పోయే సామాన్యులు చచ్చిపోయారు.

ఇవి పత్రికల్లో పెద్దక్షరాలతో వచ్చాయి. మర్నాడు పొద్దున గూడెంలో ఏం జరిగిందో పెద్దక్షరాలతో రాలేదు. దాడి చేసిన దళం తెల్లారేసరికి కొండ దాటుతుంది. గూడెం కొండ దాటలేదు. ముసలీముతకా, పిల్లాజెల్లా అక్కడే ఉండాలి. జీపులు దిగుతాయి. "రాత్రి ఎవర్రా వచ్చింది? ఎవర్రా అన్నం పెట్టింది?" అని మొదలవుతుంది. పెట్టలేదంటే అబద్ధం, పెట్టామంటే కేసు. తుపాకి పట్టుకుని వచ్చి "అన్నం పెట్టు పెద్దమ్మా" అంటే పెట్టనని ఎవరనగలరు? సంతలో నాలుగు శేర్లు ఎక్కువ కొంటే అనుమానం. తేనెకు పోయి రెండు రాత్రులు అడవిలో ఉంటే అనుమానం. పోలీసులు తీసుకుపోయి రెండ్రోజులకు వదిలితే ఈసారి రెండో వైపు నుంచి అనుమానం, "వాణ్ని ఊరికే ఎందుకు వదిలారు?" అని. ఇన్‌ఫార్మరన్న మాట మెడకు చుట్టుకుంటే అప్పీలు చేసుకోవడానికి కోర్టు లేదు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. దళాలు తిరిగిన రోజుల్లో ఫారెస్టు గార్డుల దౌర్జన్యం తగ్గిందనీ, పెత్తందారు కూలి ఎగ్గొట్టడానికి జంకాడనీ చెప్పేవాళ్లు మన పల్లెల్లో ఉన్నారు. వాళ్లు చెప్పేది అబద్ధమని మేం అనం. కానీ ఆ జంకు తుపాకిని చూసి పుట్టింది, కూలివాళ్ల సంఘాన్ని చూసి కాదు. దళం వెళ్లిన రోజు ఆ జంకూ వెళ్లిపోయింది. పెత్తందారు మళ్లీ మీసం దువ్వాడు.

చర్చలు, ఆ తర్వాత

2004లో ఒక అవకాశం వచ్చింది. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ నాయకత్వంలోని పౌరస్పందన వేదిక ఏళ్ల తరబడి చేసిన కృషి వల్ల కాల్పులు ఆగాయి. ఆ అక్టోబరులో మావోయిస్టు నాయకుడు రామకృష్ణ, సహచరులు మన జిల్లా చిన ఆరుట్ల దగ్గర అడవిలోంచి బయటికొచ్చారు. అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాదులో మావోయిస్టు, జనశక్తి ప్రతినిధులు ప్రభుత్వంతో కూర్చున్నారు. ఆ బల్ల మీద పెద్ద సమస్య ఏది? భూమి! మిగులు భూములు, బంజర్లు, అన్యాక్రాంతమైన అసైన్డ్ భూములు పేదలకు పంచాలన్న మాట. ఆ ఒత్తిడితోనే కోనేరు రంగారావు అధ్యక్షతన భూకమిటీ వేశారు. 2006లో కమిటీ నివేదిక ఇచ్చింది.

రెండో విడత చర్చలు మాత్రం జరగలేదు. 2005 జనవరిలో ఎదురుకాల్పులు మళ్లీ మొదలయ్యాయి, మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. ఆగస్టు 15న పాలమూరు జిల్లాలో శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డిని చంపారు, రెండ్రోజులకే నిషేధం తిరిగొచ్చింది. ఆ ఏడాదే 'కోబ్రా'ల పేరుతో ముఖం లేని ముఠాలు ప్రజాసంఘాల వాళ్లను బెదిరించాయి, హత్యలు చేశాయి. 2006 జులై 23న మన జిల్లా నల్లమలలోనే మావోయిస్టు రాష్ట్ర కార్యదర్శి మాధవ్‌తో సహా ఎనిమిది మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అక్కడితో ఇక్కడి పోరు దాదాపు ముగిసింది. 2021లో రామకృష్ణ బస్తర్ అడవుల్లో జబ్బుచేసి పోయాడు. 2025 మే 21న ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు అబూజ్‌మడ్‌లో కాల్పుల్లో చనిపోయాడు.

పెరూ చెప్పే పాఠం

ఇది మన ఒక్కరి కథే కాదు. దక్షిణ అమెరికాలో పెరూ దేశముంది. అక్కడి ఆండీస్ కొండల్లో 1980లో షైనింగ్ పాత్ దళాలు యుద్ధం మొదలెట్టాయి. ప్రభుత్వం సైన్యాన్ని దించింది, ఊళ్లలో రక్షక దళాలు పెట్టించింది. 1983 ఏప్రిల్ 3న లుకనమార్క అనే కొండపల్లెలో, చుట్టుపక్కల, ప్రతీకారం పేరుతో గెరిల్లాలు 69 మంది రైతుల్ని చంపారు. సైన్యం చేసిన ఊచకోతలు వేరే. 2003లో ఆ దేశపు సత్యశోధన కమిషన్ లెక్క తేల్చింది: మృతులు సుమారు 69 వేలు. ప్రతి నలుగురిలో ముగ్గురు కొండ భాషలు మాట్లాడే బీదలే.

మన దేశంలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో సల్వాజుడుం పేరుతో ఆదివాసుల చేతికే తుపాకులిచ్చి ఆదివాసుల మీదికి తోలింది. అది రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న చెప్పాల్సి వచ్చింది. కానీ పెరూ వాళ్లు ఒక మంచిపని చేశారు: కొండ పల్లెల వాళ్లను పిలిచి, వాళ్ల నోటితోనే జరిగింది చెప్పించి రాసుకున్నారు. నల్లమల గూడేల్లో అలా ఎవరు రాశారు?

తీరని బాకీ

అటవీహక్కుల చట్టం 2006లో వచ్చింది, 2007 డిసెంబరు 31 నుంచి అమలైంది. 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగులో ఉన్న గిరిజనుడికి పట్టా ఇవ్వాలని అందులో ఉంది. ఆ తేదీని ఒక్కసారి చూడండి! నిషేధం తిరిగొచ్చి నాలుగు నెలలు కాలేదు. కొండల్లో కూంబింగ్ జోరుగా సాగుతున్న రోజులు. భయపడి గూడెం వదిలినవాడు, చేను బీడు పెట్టుకున్నవాడు ఆ నాటికి సాగులో ఉన్నానని ఎట్లా చూపిస్తాడు? ప్రభుత్వ ప్రాజెక్టుల కింద లేచిపోయిన వాళ్ల కోసం చట్టంలో ఒక మాటుంది. తుపాకుల మధ్య నలిగి లేచిపోయిన వాళ్ల కోసం ఒక్క మాటా లేదు. దీనికి తోడు నల్లమలలో ఎక్కువ భాగం 1978లోనే అభయారణ్యమైంది, 1983లో పులుల ప్రాజెక్టు కిందికి పోయింది. యుద్ధం ముగిసినా చెంచు మీద 'నువ్వు ఇక్కడ ఉండకూడదు' అన్న ఒత్తిడి ముగియలేదు.

మరి చేయాల్సిందేమిటి? కాగితం లేదని కార్యకర్తలు చేతులెత్తేయొద్దు. దరఖాస్తుదారు కాని ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాసుకుంటే అది సాక్ష్యమేనని చట్టం నియమాల్లోనే ఉంది. పాత బావి, శ్మశానం, దేవుడి గద్దె కూడా సాక్ష్యాలే. ఒక్క సాక్ష్యం చాలదు, రెండు పెట్టాలి. ముందుగా క్లెయిము తీర్మానించేది గ్రామసభే గాని రేంజర్ కాదు. గ్రామసభకు కనీసం సగం మంది రావాలి. చెంచుల వంటి ఆదిమ తెగలకు ఇంటి జాగా, చేను మాత్రమే కాదు, తిరిగి బతికే ఆవాస ప్రాంతం మొత్తం మీద హక్కు అడిగే వీలుంది. అది అడగాలి, అడిగించాలి. ఆ పెద్దవాళ్లు బతికున్నప్పుడే అడిగించాలి. ఒక్కో ముసలాయన పోయినప్పుడల్లా ఒక్కో సాక్ష్యం మట్టిలో కలుస్తోంది.

కూలి సంఘాలకు కూడా ఇందులో పనుంది. అడవి అంచు పల్లెల్లో బంజరు ఎవరి చేతిలో ఉంది, అసైన్డ్ పట్టా ఎవరి పేర ఉంది, దున్నేదెవరు అన్నది ఊరూరా రాయాలి. 2004లో హైదరాబాదు బల్ల మీద పెట్టిన ప్రశ్న అదే. దాన్ని తుపాకి తేల్చలేదు, ప్రభుత్వం తేల్చలేదు. తేల్చాల్సింది దున్నేవాళ్లు, కోసేవాళ్లు, తేనె తీసేవాళ్లు. అదీ ఒక్కరుగా కాదు, సంఘంగా.