పశువైద్య సహాయకుని హస్తవిద్య: అపోహలు – వాస్తవాలు

ఓడలకును ఉక్కు కొలుములకును పేరొందిన విశాఖపట్టణమున పశువైద్య సహాయకుల శిక్షణతో పనియేమి యని కొందఱు తలంతురు. పెందుర్తి, గాజువాక ప్రాంతములలో నేటికిని పాడిగేదెలు కలవు. సింహాచలమున భక్తులు మ్రొక్కు చెల్లించి విడుచు కోడెదూడలు కలవు. 1977లో ప్రారంభమై, కంబాలకొండ అడవి అంచున 625 ఎకరములలో వ్యాపించిన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల కలదు. ఇక వీథికుక్కల మాట, బీచిరోడ్డున వేకువను నడచువారికి నేను చెప్పనక్కఱలేదు.

“పశువుల నడుమ పుట్టి పెరిగినవానికి మరల నేర్పునదేమి?” అను అపోహ ఇంతకంటె బలమైనది. పదవ తరగతి పిమ్మట శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయపు పాలిటెక్నిక్కులలో రెండేండ్ల పశుసంవర్ధక డిప్లొమాకు చేరు పల్లెబిడ్డలకు పాలు పితుకుటయు ముకుత్రాడు పట్టుటయు వెన్నతో పెట్టిన విద్యయే. కాని ఆవు ఎడమ డొక్కగుంటపై పిడికిలి ఆనించి, పెద్దపొట్ట నిమిషమునకు ఒకటి రెండుసార్లు కదలుచున్నదో లేదో గడియారము చూచి లెక్కించుటయు, మనుష్యునకు జ్వరమనదగిన నూటొకటిన్నర ఫారన్‌హీట్ డిగ్రీల వేడి ఆవునకు సహజమేయని గ్రహించుటయు పెరటిలో అబ్బునవి కావు.

కృత్రిమ గర్భధారణ “సూదిమందు వంటిదే, అరగంటలో వచ్చును” అనువారును కలరు. సున్నకు దిగువ 196 సెంటీగ్రేడు డిగ్రీల చల్లదనముగల ద్రవ నైట్రోజన్ నుండి పావు మిల్లీలీటరు వీర్యము గల స్ట్రాను తీసి, ముప్పదియేడు సెంటీగ్రేడు డిగ్రీల నీటిలో అరనిమిషము కరగించి, ఒక్క నీటిబొట్టు తగిలినను వీర్యకణములు నశించును గావున పొడిగా తుడిచి, గన్నులో అమర్చునంతవఱకు పని కన్నులకు కనబడును. అటుపై గ్లవుజు తొడిగిన ఎడమచేయి మలద్వారము గుండ చొచ్చి, ప్రేగుగోడ క్రింద కోడిమెడ వలె గట్టిగా తగులు గర్భాశయ కంఠమును వెదకి పట్టుకొనగా, కుడిచేత నున్న గన్ను ఆ కంఠములోని వలయముల నొక్కొక్కటిగా దాటి, ఆవలి కొసకు చేరినంతనే ఆగవలెను. క్రొత్తవాడు తఱచు గన్నును పొడుచును. నేర్చినవాడు గన్నును కదల్పక, కంఠమునే గన్నుపైకి తెచ్చుకొనును. ఉదయము ఎదకు వచ్చిన పశువునకు సాయంకాలము ఈ పని చేయవలెననునది పుస్తకమున నున్నది. చేతికి తెలియవలసినది మాత్రము పుస్తకమున లేదు.

“అట్లయిన మొదటినాటినుండియే బ్రతికియున్న పశువుపై నేర్వవలదా?” యని అడుగవచ్చును. వలదు. కబేళానుండి తెచ్చిన గర్భాశయములపై, బొమ్మలపై చేయి కుదిరిన పిమ్మటనే ఆవు దగ్గఱకు పంపుట మంచి పద్ధతి. ఒకే ఆవుపై పలువురు వెంట వెంట చేయి పెట్టినచో ప్రేగు పొర చిట్లి రక్తము వచ్చును. నోరులేని దానిని పాఠ్యపుస్తకముగా తిరుగవేయుట నాకు రోతయే కాదు, చెడ్డ బోధన గూడ.

సహాయకుడు కుక్కను పట్టుకొని నిలుచువాడే యనుట నగరవాసుల అపోహ. ముంగాలి సిరనుండి రక్తము తీయునప్పుడు అతడు మోచేతి మడతపై బొటనవ్రేలు నొక్కి సిరను పైకి తేలించును. మందెక్కించునప్పుడు సూది సిరలో కుదిరినంతనే ఆ వ్రేలు సడలింపవలెను. సడలింపనిచో మందు ముందునకు పోక సిర ఉబ్బి చిట్లును. జడుపు గల కుక్క ముఖమునకు గుడ్డపట్టీ చుట్టుట, తానే ముందుగా రేబీసు టీకా వేయించుకొనుట, ఈసుకుపోయిన ఆవు మాయను వట్టి చేతులతో తాకకుండుట ఈ చదువులోనివే. మాయ నుండి బ్రూసెల్లోసిస్ మనుష్యునకు సోకును. ధైర్యశాలికి గ్లవుజు వలదను మాట ఆ క్రిమికి తెలియదు.

చివరిది, మిగిలినవాని కంటె ప్రమాదకరమైనది, డిప్లొమా పొందినవాడు డాక్టరేయను భ్రమ. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టమును బట్టి, రాష్ట్రప్రభుత్వపు అనుమతితో, నమోదైన పశువైద్యుని పర్యవేక్షణలో అతడు చేయదగినవి చిన్న సేవలు మాత్రమే. పాలజ్వరమున పడిపోయిన ఆవునకు సిరలోనికి కాల్షియము త్వరత్వరగా ఎక్కించినచో గుండె ఆగిపోవచ్చునని అతనికి నేర్పుదురు. దానితోపాటు ఆ సీసాను తానుగా తగిలింపక, 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనమును పిలిపించి, అది వచ్చునందాక ఆవును ప్రక్కకు ఒరగనీయక రొమ్ముపై కూర్చుండబెట్టి నిలుపుటయు నేర్పుదురు.