వట్టి కాళ్లతో పరుగా? పాదాలకు గడువివ్వండి

మూసాపేటలోని నా వైద్యశాలకు ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కుంటుతూ వచ్చాడు. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో అబెబె బికిలా వట్టి కాళ్లతో గెలిచాడని చదివి, బూట్లు విడిచి తొలిరోజే 5 కిలోమీటర్లు పరుగెత్తాడట. పిక్కలు బిగిశాయి, మడమలో ముల్లు గుచ్చినట్లు పోటు.

"చిన్నప్పుడు ఊళ్లో చెప్పుల్లేకుండానే తిరిగేవాణ్ణి కదండీ!"

"నాయనా, ఆ పాదాలు వేరు. ఏళ్ల తరబడి బూట్లలో ఒదిగిన ఈ పాదాలు వేరు" అన్నాను.

అడుగు విషమంగా పడుటచే కలిగే ఈ బాధను మన శాస్త్రం వాతకంటకమన్నది. శీతవసంతాలలో సైతం వ్యాయామం అర్ధశక్తితోనే చేయాలని, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలని అష్టాంగహృదయం చెప్పింది. కనుక మొదటి 3 వారాలు ఇంట్లో వట్టి కాళ్లతో నడక మాత్రమే. పిదప రోజు విడిచి రోజు, చదునైన శుభ్రమైన నేలపై 5 నిమిషాల పరుగు; మిగిలినది బూట్లతోనే. అడుగులు పొట్టిగా, మెత్తగా పడాలి. వారానికి 2 నిమిషాలకు మించి పెంచరాదు. మరునాడు మడమ నొస్తే, నొప్పి తగ్గేవరకు ఆపండి. రాత్రివేళ గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్లు, పిక్కలు మర్దించుకోవాలి. పాదం పైభాగాన ఒకేచోట నొప్పి నిలిచిపోతే నూనెతో కాలయాపన చేయక ఎముకల వైద్యునికి చూపండి.

మధుమేహంచే పాదాల స్పర్శ తగ్గినవారు దీని జోలికి పోరాదు. పాదరక్షలు ధరించడాన్ని చరకసంహితయే మెచ్చుకున్నది సుమా!

ఆ అబ్బాయి నెలన్నర విశ్రాంతి తీసుకొని, ఇప్పుడు 9 నిమిషాల వరకు వచ్చాడు.