నీరెండ కాచుకునే తాబేళ్లు

నీటి తాబేలు తన ఒంటికి కావలసిన వేడిని తాను పుట్టించుకోలేదు. చలికాలం ఉదయాన మడుగు పక్కన బండ మీదికో, నీళ్లలోకి ఒరిగిన మొద్దు మీదికో ఎక్కి కదలకుండా కూర్చునేది ఇందుకే. ఒళ్లు వెచ్చబడితేనే తిన్నది అరుగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మానికి తగిలి డి విటమిన్ తయారవుతుంది; డిప్ప గట్టిపడటానికి కావలసిన కాల్షియం ఒంటికి పట్టేది దానివల్లే. తడి ఆరితే పాచి, జలగల బెడదా తగ్గుతుంది.

పెద్దదోర్నాల వైపు వాగులు ఏడాది పొడవునా పారవు. తీగలేరైనా, నల్లమలలో పుట్టి కంభం చెరువును నింపే గుండ్లకమ్మ అయినా అంతే. వానలు వెనకబట్టాక నీరు మడుగుల్లో మిగులుతుంది, తాబేళ్లూ అక్కడికే చేరతాయి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వాటి కోసం వెతకడం దండగ. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దెక్కాక వచ్చే నీరెండే సరైన వేళ. ఉష్ణమండలంలో కొన్ని జాతుల తాబేళ్లు రాత్రిపూట కూడా గట్టెక్కి కూర్చుంటాయని ఆటోమేటిక్ కెమెరాలతో చేసిన పరిశీలన 2023లో తేల్చింది. రాత్రి నీళ్లు మరీ వెచ్చగా ఉంటే ఒళ్లు చల్లబరచుకోవడానికే అలా చేస్తుండవచ్చని శాస్త్రవేత్తల అంచనా.

ఎక్కువగా కనిపించేది మెత్త డిప్ప తాబేలు. దాని డిప్ప మీద పెచ్చులుండవు, తోలు కప్పినట్టు నున్నగా ఉంటుంది. ముక్కు చిన్న గొట్టంలా ముందుకు పొడుచుకొస్తుంది. కాళ్లు లోపలికి లాక్కోగానే అడుగున ఉన్న చర్మపు రెక్కలు వెనక కాళ్లను మూసేస్తాయి. మడుగు ఎండితే బురదలో కూరుకుపోయి నెలల తరబడి వాన కోసం ఆగుతుంది. నల్ల తాబేలుది గట్టి డిప్ప, వీపు మీద మూడు గీరలు నిలువునా కనబడతాయి. కృష్ణలో లీత్ మెత్త డిప్ప తాబేలు అనే పెద్ద జాతి ఉంది. అది అంతరించిపోయే ప్రమాదం అంచున ఉందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రకటించింది.

చూడాలంటే దూరమే మేలు. గట్టు మీద అడుగుల అదురు తగిలినా, నీటి మీద నీడ పడినా బుడుంగున మునుగుతాయి. ఎండ తలకెక్కని చోట చెట్టు చాటున కూర్చుని బైనాక్యులర్స్‌తో చూస్తే మెడ బారజాపి, వెనక కాళ్లు చాచి, వేళ్ల మధ్య పొర విప్పి ఎండకు ఆరబెట్టుకోవడం స్పష్టంగా కనిపిస్తుంది. సెల్‌ఫోన్ పట్టుకుని దగ్గరకు పోతే మిగిలేవి నీటి మీద వలయాలే. దోర్నాల నుంచి శ్రీశైలం దారి పులుల అభయారణ్యం గుండా పోతుంది కనుక అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలి మడుగుల దగ్గరకు వెళ్లకూడదు.

మెత్త డిప్ప తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. పట్టినా, అమ్మినా, ఇంట్లో పెంచినా జైలుశిక్ష తప్పదు. రోడ్డు దాటుతూ కనిపిస్తే అది పోయే దిక్కుకే దాటించి వదలాలి. డిప్ప మీద పసుపు నక్షత్రాల గీతలుంటే మాత్రం దాన్ని నీళ్లలో వేయవద్దు. అది మెట్ట నేలల నక్షత్ర తాబేలు, దానికి ఈత రాదు.